పారేసే ముందు ఒకసారి, వాడే ముందు రెండుసార్లు

(మన సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో పాత సామాన్లు పారేయకుండా తిరిగి ఎట్లా వాడుకోవాలో చెప్పమని నాకు అంశం ఇచ్చినారు. రైతు సంఘం సమావేశంలో పాత డబ్బాల గురించి, పాత చీరల గురించి మాట్లాడడమేమిటని కొందరికి అనిపించొచ్చు. టమాటా ధర సమస్య ఉంది, పాల ధర సమస్య ఉంది, ఏనుగుల సమస్య ఉంది, బోర్లు ఎండిపోయే సమస్య ఉంది. వాటిని వదిలి ఇదేమిటని అడగొచ్చు.

దీంట్లో రెండు సంగతులున్నాయి. ఒకటి సాగు ఖర్చు. పంట ధర మన చేతిలో లేదు, ఖర్చు మాత్రం కొంతవరకైనా మన చేతిలో ఉంది. రెండోది ప్రాణం. మన ఇళ్ళల్లో అటక మీద, పశువుల కొట్టంలో, బోరు షెడ్డులో ఉండే పాత డబ్బాల్లో కొన్ని ప్రాణాలు తీసేవి. ఏది మళ్ళీ వాడాలి, ఏది వాడకూడదు అనే తేడా చెప్పకుండా ఊరికే "పొదుపు చేయండి" అని చెప్పి దిగిపోతే నేను మీకు మేలు చేసినట్టు కాదు. అందుకని ముందు పొదుపు గురించి చెబుతాను, తర్వాత ప్రాణం గురించి చెబుతాను, చివర్లో ఎవరి బాధ్యత ఎంత అనేది చెబుతాను.

పాత రోత అని ఎవరన్నారు?

"కొత్తొక వింత, పాతొక రోత" అని సామెత ఉంది. కానీ మన పెద్దోళ్ళ ఇల్లు ఆ సామెత ప్రకారం నడవలేదు. కుండ పగిలితే పెంకును మంగలం చేసుకుని అందులో శెనక్కాయలు వేయించుకున్నారు. పలమనేరు కుమ్మరుల చేతి కుండ పగిలినాక కూడా పదేళ్ళు పొయ్యి మీద బతికేది. చీర చిరిగితే ఉయ్యాల, ఉయ్యాల చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ కూడా పోతే దిబ్బ. లారీ టైరు అరిగిపోతే చెప్పులయ్యేది. ఇంట్లో ఊడ్చిన కసువు, పొయ్యిలో బూడిద, పశువుల పేడ, తిని పారేసిన తొక్క అన్నీ దిబ్బకే పోయేవి. ఏడాదికొకసారి ఆ దిబ్బను బండికెత్తి చేన్లో తోలేవాళ్ళు. ఇంట్లో ఏదీ "చెత్త" అయ్యేది కాదు, ఎరువయ్యేది.

ఇప్పుడు అదే దిబ్బలో చేయి పెట్టి చూడండి. షాంపూ ప్యాకెట్లు, పాల కవర్లు, మందు సీసాలు, టీ కప్పులు. మనం దిబ్బను తోలడం మానలేదు, అందుకని ఆ ప్లాస్టిక్ అంతా మన చేతులతోనే మన చేన్లోకి పోతోంది. ఎర్రగడ్డ తొక్కలు, మిగిలిన అన్నం కవర్లో కట్టి ముడేసి విసిరేస్తే ఆవు ముడి విప్పి తినదు కదా, కవరుతో సహా మింగుతుంది. కడుపులో చేరిన ప్లాస్టిక్ అరగదు, బయటికి రాదు. ఆవు మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, చివరికి కడుపు కోసి తీయాల్సి వస్తుంది. పాడి మీద బతికే మన పలమనేరు, పుంగనూరు ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. కాబట్టి మొదటి పని ఇది: తొక్కలు, కూడు ఎప్పుడూ కవర్లో కట్టొద్దు. దిబ్బలోకి కుళ్ళిపోయేదే పోవాలి.

చేన్లో పాత సామాను చేసే పని

ఇప్పుడు మన ప్రాంతంలో రైతులు చేస్తున్న, చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను. వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టింది కాదు. ఒక ఊర్లో చేసేది ఇంకో ఊరికి తెలియకపోవడం వల్ల చెబుతున్నాను.

పాత చీరలు. అడవి పందుల కోసం చేని చుట్టూ చీరలు కట్టడం మీరందరూ చూసినారు. గాలికి కదిలే గుడ్డ, రంగు, మనిషి వాసన కలిసి కొన్నాళ్ళు పందులను ఆపుతాయి. కొన్నాళ్ళు అని ఎందుకంటున్నానంటే, కదలని చీరకు పంది తొందరగానే అలవాటు పడుతుంది. వారానికొకసారి చోటు మార్చి, చీరకు చీరకు మధ్య గులకరాళ్ళు వేసిన ఖాళీ టిన్నులు వేలాడదీస్తే ఇంకొన్నాళ్ళు పనిచేస్తుంది. ఏనుగుకు మాత్రం చీర అడ్డం కాదు. కౌండిన్య అభయారణ్యం అంచు ఊర్లవాళ్ళకు నేను చెప్పాల్సిన పనిలేదు.

నూనె టిన్నులు, అట్టలు. టమాటాలో ఆకుముడత తెగులును ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసేది తెల్లదోమ. తెల్లదోమ పసుపు రంగుకు వస్తుంది, తామర పురుగు నీలం రంగుకు వస్తుంది. అంగట్లో జిగురు అట్టలు కొనేవాళ్ళు కొనండి. కొనలేనివాళ్ళు వంటనూనె టిన్నును కోసి రేకు చేసి, పసుపు రంగు పూసి, పైన ఆముదం గానీ గ్రీజు గానీ రాసి, మొక్క తలకు కొంచెం పైన కట్టెకు కట్టండి. వారానికొకసారి తుడిచి మళ్ళీ రాయాలి. దీనితోనే పురుగు పోతుందని నేననను. పురుగు ఎప్పుడు మొదలైంది, ఎంత ఉంది అనేది కళ్ళకు కనిపిస్తుంది. అప్పుడు క్యాలెండరు చూసి కాకుండా పురుగు చూసి మందు కొడతాం. ఒక్క పిచికారీ తప్పినా అది మిగులే.

నీళ్ళ సీసాలు. మామిడి తోటలున్నవాళ్ళకు పండు ఈగ బాధ తెలుసు. మిథైల్ యూజినాల్ ఎర అంగట్లో దొరుకుతుంది. దానికి పెట్టె కొనాల్సిన పనిలేదు. లీటరు నీళ్ళ సీసాకు పైభాగంలో ఈగ దూరేంత రంధ్రాలు చేసి లోపల ఎర వేలాడదీస్తే చాలు, మగ ఈగలు వచ్చి పడతాయి. ఒక్క జాగ్రత్త. మందు కలిపిన ఎర పెట్టిన సీసా ఇక నీళ్ళ సీసా కాదు. అది మళ్ళీ ఇంటికి రాకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

టమాటా కట్టెలు, డ్రిప్పు, మల్చింగ్ షీటు. టమాటా తోట అయిపోగానే అంతా పీకేయడం కంటే, చెట్లు మాత్రం తీసి, అదే కట్టెలకు, అదే తీగెకు, అదే షీటు రంధ్రాల్లో బీర, కాకర, బీన్స్ లాంటి తీగ పంట పెట్టేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కట్టెల ఖర్చు, షీటు ఖర్చు, దున్నకం ఖర్చు రెండు పంటల మీద పంచుకుంటుంది. ఆ చోట వంకాయ, మిరప మాత్రం పెట్టొద్దు. అవి టమాటా కులానివే, తెగుళ్ళు కూడా అవే వస్తాయి. రెండో పంట తర్వాత షీటును ఎండకు ముక్కలు ముక్కలు కాకముందే చుట్టి తీసేయండి. ముక్కలైన తర్వాత దాన్ని భూమిలోంచి ఏరడం ఎవరి వల్లా కాదు.

డ్రిప్పు పైపులు. ఉడతలు, ఎలుకలు కొరికిన పైపులో బాగున్న ముక్కలు ఏరి జాయినర్లతో కలిపితే పెరటికి, ఇంటి ముందర పది కొబ్బరి మొక్కలకు సరిపోతాయి. పనికిరాని ముక్కలను వంచి నారుమడి మీద నెట్ కప్పడానికి గుబురుగా గుచ్చుకోవచ్చు. ఆవు మెడ పలుపు రాచుకోకుండా తొడగొచ్చు. బక్కెట్టు పిడికి తొడిగితే చేయి కోసుకోదు. మిగిలింది పాత సామాన్ల అంగడివాడు కిలో లెక్కన కొంటాడు. కాల్చేయడం మాత్రం వద్దు. ఆ పొగ ముందు పీల్చేది మన ఇంటివాళ్ళే.

యూరియా సంచులు. నాలుగు వైపులా కుట్లు విప్పి ఒకదానికొకటి కలిపి కుడితే కళ్ళంలో పట్ట అవుతుంది. వాన పడేటప్పుడు గడ్డివాముకు కప్పు అవుతుంది. ఒక మూల లోపలికి నొక్కి తలమీద వేసుకుంటే గొడుగు. పేడ మోయడానికి, మట్టి మోయడానికి, కంపోస్టు జల్లించి నింపుకోవడానికి ఇంతకంటే గట్టి సంచి లేదు. కానీ దీనికీ ఒక హద్దుంది, చెబుతాను.

డ్రమ్ములు. జీవామృతం చేసేవాళ్ళకు 200 లీటర్ల డ్రమ్ము కావాలి. కొత్తది కొనే బదులు పాతది తెచ్చుకుంటారు. మంచిదే. కానీ ఆ నీలం రంగు డ్రమ్ము మన దగ్గరికి రాకముందు ఏ ఫ్యాక్టరీలో ఏ రసాయనం మోసిందో అడిగినామా?

అడగాల్సిన ఒక్క ప్రశ్న

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. పాత సామాను ఏది చేతిలోకి తీసుకున్నా ఒక్క ప్రశ్న అడగండి: ఇంతకు ముందు దీంట్లో ఏముండింది?

నీళ్ళుండినాయా, నూనె ఉండిందా, బిస్కెట్లు ఉండినాయా, ఏమైనా చేసుకోండి. ఎరువుండింది అంటే, పొలం పనికి మాత్రమే. మందుండింది అంటే, దేనికీ వద్దు. ఏముండిందో తెలియదంటే, మందుండినట్టే లెక్క. ఈ నాలుగు మాటలు ఇంట్లో అందరికీ తెలియాలి. చదువుకున్నవాళ్ళకే కాదు, ముసలమ్మకూ తెలియాలి, బడికి పోయే బిడ్డకూ తెలియాలి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, బీహార్ రాష్ట్రంలో సారణ్ జిల్లా గండామన్ అనే ఊరు ఉంది. 2013 జూలై 16న అక్కడి ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బిడ్డలు చనిపోయినారు. ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షలో తేలింది. పురుగుమందు డబ్బాను నూనె పోసుకోవడానికి వాడినారన్న సంగతి బయటికొచ్చింది. నూనె వాసన తేడాగా ఉందని వంట చేసిన మనిషికి అనుమానం వచ్చిందని కూడా అప్పుడు వార్తల్లో రాసినారు. ఆ బిడ్డలెవరో కాదు, మనలాంటి చిన్న రైతుల బిడ్డలు, కూలీల బిడ్డలు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టకూడదని 2005లోనే మన దేశంలో నిషేధం పెట్టినారు. కూరగాయల మీద కొట్టడానికే పనికిరాదన్న మందు డబ్బాలో బిడ్డల కూటికి నూనె పోసినారు.

దీనికంటే ముందు 1958లో కేరళలో, అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఇలాంటిదే జరిగింది. ఓడలో వచ్చిన గోధుమపిండి సంచులకు పక్కనే ఉన్న పారాథియాన్ మందు అంటింది. ఆ పిండి తిని నూరు మందికి పైగా చనిపోయినారు. ఆ ఘోరం తర్వాత వేసిన విచారణ వల్లనే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. మందు, కూడు ఒక చోట ఉండకూడదనే మాట నూరు మంది ప్రాణాలు పోయాక చట్టంలోకి ఎక్కింది. మన అటక మీద మాత్రం ఇంకా ఎక్కలేదు.

మందు డబ్బాను సబ్బేసి కడిగితే వాసన పోతుంది కదా అంటారు. వాసన పోవడం వేరు, మందు పోవడం వేరు. ప్లాస్టిక్ కొంత మందును తనలోకి పీల్చుకుంటుంది. నూనె పోసినా, పాలు పోసినా, మజ్జిగ పోసినా అది మళ్ళీ బయటికి వస్తుంది. డబ్బా మీద ఒక చదరం ఉంటుంది, దాని కింద సగం రంగులో ఉంటుంది. ఎరుపు అంటే అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, తర్వాత నీలం, తర్వాత ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంది కదా, దీంట్లో పోసుకోవచ్చు అనుకోవద్దు. ఆకుపచ్చ అంటే విషం తక్కువని, విషం లేదని కాదు.

పట్టుపురుగులు పెంచేవాళ్ళు ఈ సంగతి మనందరికంటే బాగా తెలిసినవాళ్ళు. పక్క చేన్లో కొట్టిన మందు గాలికి మల్బరీ ఆకు మీద పడితేనే పురుగులు చచ్చిపోతాయి. అలాంటిది మందు డబ్బాతో నీళ్ళు తెచ్చి ఆకు మీద చల్లితే, మందు కలిపిన బక్కెట్టులో గోనెపట్టా తడిపి ఆకు మీద కప్పితే, ఒక పంట పోయినట్టే. పురుగు మనకంటే చిన్నది కాబట్టి వెంటనే చస్తుంది. మనం పెద్దవాళ్ళం కాబట్టి మెల్లగా జబ్బు పడతాం. విషం ఒక్కటే.

ఎరువు సంచికి హద్దుందన్నాను. యూరియా సంచి దులపకుండా, కడగకుండా అందులో తౌడు, చెక్క పోసి ఆవుకు పెట్టొద్దు. సంచి కడిగిన నీళ్ళు పశువుల తొట్టి దగ్గర పారబోయొద్దు. యూరియా పశువు కడుపులో పడితే వెంటనే అమ్మోనియాగా మారుతుంది. పొట్ట ఉబ్బుతుంది, నోట్లో నురగ వస్తుంది, వణుకు పుడుతుంది, కొద్ది గంటల్లో చచ్చిపోవచ్చు. అప్పుడు చేయాల్సింది వెంటనే పశువుల డాక్టరును పిలవడం. మరి ఎండుగడ్డిని యూరియాతో ఊరబెట్టమని వాళ్ళే చెబుతారు కదా అని అడగొచ్చు. అది లెక్క ప్రకారం చేసే పని. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, సుమారు 50 లీటర్ల నీళ్ళల్లో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. తీసినాక కొంచెంసేపు ఆరనిచ్చి, కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. లెక్క ఉంటే మేత, లెక్క లేకపోతే విషం.

రంగు డబ్బాలు ఉన్నాయి. ఇల్లు కట్టినాక మిగిలిన ఇరవై లీటర్ల పెయింటు బక్కెట్టు చాలా గట్టిగా ఉంటుంది. పేడకు, మట్టికి, ఇసుకకు వాడుకోండి. తాగే నీళ్ళకు, పాలు పితకడానికి వద్దు. మందు కొట్టేటప్పుడు వేసుకునే చొక్కా పాతబడితే బొంతలో కుట్టొద్దు, పొయ్యి దగ్గర మసిగుడ్డ చేయొద్దు. ఆ చొక్కాను ఉతికేది ఎవరు? ఇంటి ఆడవాళ్ళు. మామూలు బట్టలతో కలపకుండా వేరుగా ఉతకమని వాళ్ళకు చెప్పే బాధ్యత మందు కొట్టినవాడిది.

పాత తీగెలు కూడా ఉన్నాయి. పందుల కోసం పాత బైండింగ్ తీగె చేని చుట్టూ లాగి, స్తంభం నుంచి కరెంటు తగిలించేవాళ్ళు ఉన్నారు. ఇది పొదుపు కాదు, నేరం. రాత్రిపూట నీళ్ళు కట్టడానికి పోయే పక్క రైతు, తప్పిపోయిన ఆవు, అడవి నుంచి వచ్చిన ఏనుగు, ఎవరు తగిలినా చావే. సంఘం అలాంటి పనిని సమర్థించదు.

విషం సీసా మారితే

ఇంతవరకు విషం డబ్బాలోకి కూడు పోవడం చెప్పినాను. దీనికి తిరగేసిన ప్రమాదం ఇంకొకటుంది. కూటి సీసాలోకి విషం రావడం. మన ఊర్లల్లో ఇది ఎక్కువ. పక్క రైతు దగ్గర మందు మిగిలింది, మనకు కొంచెం కావాలి. కూల్ డ్రింకు సీసా పట్టుకుపోతాం, లేదంటే క్వార్టరు సీసా. తెచ్చి కిటికీలో పెడతాం. దాని మీద పేరు లేదు, రంగు గుర్తు లేదు. కొన్ని మందులు చూడడానికి కూల్ డ్రింకులాగే ఉంటాయి. దాహంతో వచ్చిన బిడ్డకు, చీకట్లో చేయి పెట్టిన తాగుబోతుకు తేడా ఎట్లా తెలుస్తుంది? కలుపు మందుల్లో పారాక్వాట్ అనేదుంది. దానికి విరుగుడు మందు లేదు. ఒక గుక్క చాలు, డాక్టరు దగ్గరికి పోయినా బతికించడం కష్టం.

అందుకని మందు ఎప్పుడూ దాని డబ్బాలోనే ఉండాలి. పంచుకోవాల్సి వస్తే ఆ రైతు చేన్లోనే, ఆ డబ్బాలోంచే నేరుగా ట్యాంకులోకి కొలిచి పోయించుకోండి. కొలవడానికి ఇంట్లో గ్లాసు, గరిటె తీసుకుపోవద్దు. ఎవరైనా పొరపాటున తాగితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. డబ్బాను లేబులుతో సహా ఆసుపత్రికి తీసుకుపోండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు ఏం చేయాలో తేల్చుకోగలడు.

ఖాళీ డబ్బాను ఏం చేయాలి?

పారేయొద్దు, వాడొద్దు, కాల్చొద్దు అంటే మరేం చేయాలి? ఇది న్యాయమైన ప్రశ్న.

మందు ట్యాంకులో పోసిన వెంటనే, అక్కడే, డబ్బాలో నాలుగో వంతు నీళ్ళు పోసి మూత పెట్టి బాగా ఆడించి ఆ నీళ్ళను ట్యాంకులోనే పోయండి. ఇట్లా మూడుసార్లు. దీంతో రెండు లాభాలు. డబ్బా అడుగున, గోడలకు అంటుకున్న మందు కూడా మనం డబ్బిచ్చి కొన్నదే, అది చేనికే పోతుంది. డబ్బాలో విషం బాగా తగ్గుతుంది. తర్వాత మేకుతోనో కొడవలితోనో అడుగున రెండు రంధ్రాలు చేయండి. రంధ్రం ఉన్న డబ్బాలో ఎవరూ నూనె పోయరు. దాన్ని ఒక సంచిలో వేసి, ఇంటికి, బావికి, పశువులకు దూరంగా, పిల్లలకు అందకుండా తాళం వేసిన చోట పెట్టండి. చెరువులో, వాగులో, బోరు గట్టున వేయొద్దు. ట్యాంకు కడిగిన నీళ్ళు కూడా నీటి గుంటలో పోయొద్దు.

మూడుసార్లు కడిగి రంధ్రం చేయడం మన పని. మన పని ఇక్కడితో అయిపోతుంది. ఇక మీద ఎవరి పని?

బాధ్యత ఎవరిది?

1971 పురుగుమందుల నియమాల్లో 44వ నియమం ఉంది. వాడేసిన డబ్బాలు మళ్ళీ ఎవరూ వాడుకోకుండా బయట వదలకూడదు, పగలగొట్టి ఊరికి దూరంగా పూడ్చాలి అని అది చెబుతుంది. ఆ బాధ్యతను మందు తయారుచేసే కంపెనీల మీద కూడా పెట్టింది, మందు కొట్టేవాళ్ళ మీదొక్కటే పెట్టలేదు. 2016లో ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు వచ్చినాయి. 2022లో వాటిని సవరించి, సరుకును ప్లాస్టిక్‌లో ప్యాక్ చేసి అమ్మే కంపెనీలు ఆ ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించే లెక్క చూపించాలని చెప్పినారు. కాగితం మీద ఇంత ఉంది. మరి మన ఊరికి ఖాళీ డబ్బా తీసుకుపోవడానికి ఎవరైనా వచ్చినారా? మందు అమ్మడానికి మాత్రం చేని గట్టు దాకా వస్తారు. డబ్బాతో వచ్చే కాగితంలో చీమల్లాంటి అక్షరాలతో జాగ్రత్తలు రాసి చేతులు దులుపుకుంటారు.

ఇది కాని పని కాదు. బ్రెజిల్ దేశంలో 2000లో చట్టం చేసినారు. రైతు ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, కొన్న ఏడాది లోపల తిరిగి ఇవ్వాలి. ఎక్కడ ఇవ్వాలో అమ్మినవాడు బిల్లు మీద రాయాలి. సేకరించి, కరిగించి, వేరే పనికి వాడే బాధ్యత కంపెనీలది. 2002 నుంచి కంపెనీలన్నీ కలిసి ఒక సంస్థ పెట్టి ఈ పని నడుపుతున్నాయి. మందుకు నేరుగా తగిలే ప్లాస్టిక్ డబ్బాల్లో నూటికి తొంభైకి పైగా తిరిగి వస్తున్నాయి. అక్కడి రైతు మనకంటే తెలివైనవాడని కాదు. అక్కడ తీసుకునేవాడు ఉన్నాడు, ఇక్కడ లేడు.

"ఇంట్లో సామాన్లు మళ్ళీ వాడండి, పర్యావరణాన్ని కాపాడండి" అని పెద్దలు మనకు చెబుతుంటారు. మనం ముందు నుంచీ కాపాడుతున్నవాళ్ళమే. మంగలంలో శెనక్కాయలు వేయించిన వాళ్ళకు పొదుపు నేర్పించాల్సిన పని లేదు. కానీ మన పొదుపును చూపించి కంపెనీలు తప్పించుకోకూడదు. విషం డబ్బాను "మళ్ళీ వాడుకోవడం" ఏ రైతుకూ రాకూడని పని. అది తిరిగి పోవాల్సింది వచ్చిన చోటికే.

అందుకని సంఘం తరఫున మూడు కోరికలు పెడదామని నా ప్రతిపాదన. ఒకటి, ప్రతి రైతు సేవా కేంద్రం దగ్గర నెలకొక రోజు ఖాళీ మందు డబ్బాలు తీసుకునే ఏర్పాటు చేయాలి, ఆ ఖర్చు కంపెనీలు పెట్టాలి. రెండు, మందుల అంగళ్ళు కడిగి రంధ్రం చేసిన డబ్బాను తిరిగి తీసుకోవాలి. మూడు, పంచాయతీల్లో కట్టిన చెత్త నుంచి సంపద కేంద్రాల్లో మందు డబ్బాలకు తాళం వేసిన వేరే గది ఉండాలి. చెత్త ఏరే పంచాయతీ కార్మికులు కూడా మనలాంటి బిడ్డలే. మందు సీసాలను మామూలు చెత్తలో కలిపి వాళ్ళ చేతుల మీదికి తోయడం మనకు తగదు.

కోరికలు పెట్టి కూర్చుంటే చాలదు. ఈ నెలలో ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఒక పని చేయాలి. ఇంట్లో, కొట్టంలో, బోరు షెడ్డులో ఉన్న ప్రతి పాత డబ్బాను బయటికి తీయండి. ఒక్కొక్కటి చేత పట్టుకుని ఆ ప్రశ్న అడగండి. మంచివి కడిగి అటక మీద పెట్టండి. మందువి, ఏముండిందో తెలియనివి రంధ్రం చేసి సంచిలో వేయండి. ఎన్ని వచ్చినాయో లెక్క రాసి మీ ఊరి కార్యదర్శికి ఇవ్వండి. అన్ని ఊర్ల లెక్క కలిపి అధికారుల ముందు పెడితే అది అర్జీ కంటే గట్టిగా మాట్లాడుతుంది. పేరు లేని కూల్ డ్రింకు సీసాల్లో మందు ఎక్కడైనా కనిపిస్తే, దాని లెక్క కూడా రాయండి. అది ఎవరినీ తప్పుబట్టడానికి కాదు, ఎన్ని ఇళ్ళల్లో ఈ ప్రమాదం ఉందో మనకే తెలియడానికి.

పాత చీరను వదలొద్దు, పాత టిన్నును వదలొద్దు, కట్టెలను, పైపులను వదలొద్దు. మన రెక్కల కష్టంతో కొన్నది చివరి దాకా మనకు పని చేయాలి. మందు డబ్బాను మాత్రం ఇంటి గడప దాటనీయొద్దు.